మా అక్క షాపూ, మా బావ కెరాటినూ

మీరైనా చెప్పండి మరి. మొగుడు ఉద్యోగంలో దేని పేరు వింటే ఒంటికాలి మీద లేస్తాడో, పెళ్ళాం ఇంటి కింద షాపు పెట్టుకుని సరిగ్గా దాన్నే నమ్ముకుని బతుకుతుంటే, ఆ కాపురాన్ని ఏమనాలి? నేనైతే ఏమీ అనను. ఆ పెళ్ళాం మా అక్క, ఆ మొగుడు మా బావ. మధ్యలో కత్తెర పట్టుకుని నిలబడేవాణ్ణి నేను.

మాది జుట్టు కత్తిరించే షాపు. ఆడవాళ్ళకి అక్క, మగవాళ్ళకి నేను. కింద షాపు, పైన వాళ్ళ ఇల్లు. మా అక్క చేతిలో ఏముందో గానీ, చీపురులా నిక్కబొడుచుకున్న జుట్టు కూడా ఆమె చెయ్యి పడితే బుద్ధిగా పడుకుంటుంది. ఆ పడుకోబెట్టే పనికే కెరాటిన్ ట్రీట్‌మెంట్ అని పేరు. కెరాటిన్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. మన జుట్టూ, గోళ్ళూ, ఒంటి మీద పైచర్మం, అన్నీ దాంతో తయారైనవే. అదొక ప్రోటీన్. సీసాల్లో అమ్ముతారు. మేం తలకి పట్టించి, వేడి పలకల మధ్య నొక్కి తీస్తాం. షాపు నడిచేది దానిమీదే. అందుకే బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఆ మాటే రాయించింది అక్క.

ఇక మా బావ. ఆయన పనిచేసేది ప్రోటియోమిక్స్ ల్యాబులో. ఆ మాట నా నోట్లో తిరగడానికి చాలాకాలం పట్టింది. ఆయన మాత్రం దాన్ని పలికిన ప్రతిసారీ, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందని చెప్పేవాడిలా మెరిసిపోతాడు. పెళ్ళిచూపుల్లో ఆయన మొహం చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అప్పుడు ఇంత మెరుపు లేదు.

ఆ పనేమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ప్రోటీన్లంటే గుడ్డులోనూ మాంసంలోనూ ఉండేవేనని అనుకునేవాణ్ణి. కాదట. ఒంట్లో జరిగే పనంతా చేసేది అవేనట. జన్యువులనేవి షాపు బయట బోర్డు లాంటివి, ఇక్కడ ఏమేం చేస్తారో రాసి ఉంటుంది. లోపల ఈ క్షణాన ఏ తల మీద ఏం జరుగుతోందో తెలియాలంటే తలుపు తీసి చూడాలి. ఆ తలుపు తీసి చూడటమే ప్రోటియోమిక్స్. ఈ పోలిక నాదే. బావకి చెబితే కాసేపు ఆలోచించి, “పూర్తిగా తప్పేం కాదురా,” అన్నాడు. ఆయన దగ్గర నాకు దొరికిన పెద్ద మెప్పు అదే.

ల్యాబుకి నెత్తురో, కన్నీళ్ళో ఏదో ఒకటి తెస్తారు. అందులో ప్రోటీన్లన్నీ చిక్కుపడ్డ జుట్టులా మడతలు పడి ఉంటాయి. ముందు మందు వేసి చిక్కు విప్పుతారు. తర్వాత ట్రిప్సిన్ అనేది కలిపి నానబెడతారు. అది కత్తెర. అయితే నా కత్తెరలా కస్టమరు కబుర్లలో పడి ఎక్కడంటే అక్కడ పడదు, ప్రోటీన్ పొడుగునా రెండే రకాల గుర్తులు వెతుక్కుని వాటి పక్కనే కత్తిరిస్తుంది. ఆ ముక్కల్ని సన్నటి గొట్టంలోంచి పంపితే, లోపల అతుక్కునేవి నెమ్మదిగా, అతుక్కోనివి ముందుగా బయటపడతాయి. కొసన కరెంటు పెట్టి తుంపరగా ఒక పెద్ద మెషీన్లోకి చిమ్ముతారు. మెషీన్ ఆ ముక్కల్ని గాలి కూడా లేని గదిలో ఎగరేసి తూస్తుంది, పగలగొట్టి ఆ తునకల్నీ తూస్తుంది. ఆ తూకాలు చూసి కంప్యూటరు ఇది ఫలానా ప్రోటీన్ తాలూకు ముక్క అని చెబుతుంది. మా షాపులో నేల మీద పడ్డ జుట్టంతా కలిపి ఊడ్చి, పొద్దుట్నుంచి ఎవరెవరు వచ్చారో చెప్పమన్నట్టు.

పూర్వం జిగురు పలక మీద ఒక్కో మచ్చనీ కోసుకుని చూసేవాళ్ళట. ఇప్పుడు ఒక్క విడతలో వేలకొద్దీ ప్రోటీన్లు దొరుకుతాయట. ఒకే ఒక్క కణంలో ఏముందో చూస్తున్నారు, ఏ కాలందో తెలియని తోలుముక్కని చూసి ఏ జంతువుదో చెబుతున్నారు, గడ్డ కోసి తీశాక దానికి ఏ మందు పనిచేయొచ్చో వెతుకుతున్నారు. ఇవన్నీ బావ అన్నం తింటూ చెప్పేవాడు. అక్క వింటూ వడ్డించేది. ఆయన కంచంలో ఏముందో ఆయనకి తెలిసేది కాదు, అది వేరే సంగతి.

ఇంత గొప్ప మెషీనుకీ ఒక పీడ ఉంది. అదే మా కెరాటిన్. ఎవరి ఒంటి మీది పొట్టు రాలి పడినా, వెంట్రుక తునక పడినా, అది కన్నీటి చుక్కలో ఉండే ప్రోటీన్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మెషీన్ దాన్ని తూచుకుంటూ కూర్చుంటుంది, అసలైనవి పక్కన మూలుగుతుంటాయి. అందుకని ప్రతి ల్యాబులోనూ మామూలుగా దూరిపోయే దొంగల పట్టీ ఒకటి ఉంటుందట. కంప్యూటరు దొరికిన దొంగని దొరికినట్టు పక్కకి నెట్టేస్తుంది. ఆ పట్టీలో మనుషుల కెరాటిన్లున్నాయి, స్వెటర్ల మీంచి రాలే గొర్రె ఉన్నితో సహా. ఇది తెలిసినప్పటి నుంచి మా బావ చలికాలంలో స్వెటరు మానేసి రెయిన్‌కోటు వేసుకుంటున్నాడు. మబ్బు లేని రోజున రెయిన్‌కోటులో నడిచిపోయే మనిషిని చూసి వీధిలో అందరూ ఆకాశంకేసి చూస్తారు.

షాపులోంచి ఇంట్లోకి మెట్లున్నాయి. బావ ఆ మెట్లెక్కడు. వెనకాల ఇనుప మెట్లున్నాయి, గిన్నెలు కడిగే చోటు మీదుగా దూరి వెళతాడు. అక్క షాపు మూసి పైకొస్తే బట్టలు మార్చుకున్నాకే గదిలోకి. ఇక ఆయన తల సంగతి. ఒకరోజు నన్ను పైకి పిలిచి కుర్చీలో కూర్చుని, మొత్తం గీసెయ్యమన్నాడు. గీశాను. మీసం కూడా అన్నాడు. అదీ తీశాను. కనుబొమలకేసి వేలు చూపించాడు. ఆ పని నావల్ల కాదన్నాను.

“బావా, అక్క రేపు నిన్ను గుర్తుపట్టాలి కదా.”

“గొంతు గుర్తుపడుతుందిలేరా,” అన్నాడు నిజాయితీగా.

కనుబొమలు వదిలేసినందుకు ఆయనకి నా మీద ఇప్పటికీ కాస్త కోపమే.

వీటన్నిటికీ మించిన పని చేతులు కడగడం. ల్యాబుకి వెళ్ళేముందు, వచ్చాక, మధ్యలో. గోళ్ళు రుద్దే బ్రష్షుతో, ఘాటైన సబ్బుతో, మోచేతుల దాకా. ఆయన చేతులు కడుగుతుంటే ఎవరో రాతి మీద కత్తి నూరుతున్నట్టు చప్పుడొస్తుంది. చేతులు బీటలు వారాయని అక్క క్రీము తెచ్చిపెడితే, డబ్బాని పామును చూసినట్టు చూశాడు. క్రీములు కూడా మెషీనుకి పడవట.

ఇలా ఉండగా కన్నీళ్ళ పని వచ్చింది. వాళ్ళ ల్యాబులో చిన్నమేడమ్ అని ఒకావిడ ఉంది. పరిశోధన ఆవిడది, మెషీన్ నడిపేదీ దానికి మేత సిద్ధం చేసేదీ బావ. చూపు నెమ్మదిగా తినేసే కంటిజబ్బు ఒకటుందట. మనిషికి తేడా తెలిసేసరికే పోవాల్సింది పోయుంటుంది. అది కన్నీళ్ళలో ముందే బయటపడుతుందేమోనని ఆవిడ వెతుకులాట. కంటి ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళ రెప్ప కింద సన్నటి కాగితం పట్టీ పెట్టి, తడిశాక తీసి, రెండుగా కత్తిరించి, సగం పరీక్షకీ సగం గడ్డకట్టే ఫ్రీజర్లోకీ. మందు చుక్కలు మొదలుపెట్టకముందు తీసిన కన్నీళ్ళవి. ఇప్పుడు వాళ్ళందరూ చుక్కలు వేసుకుంటున్నారు, కన్నీళ్ళు మారిపోయాయి. మళ్ళీ కావాలంటే దొరకవు.

మొదటి సగం అంతా బావ చేతుల మీదుగా మెషీన్లోకి వెళ్ళింది. వచ్చింది చూసి పెద్దసారు, అంటే ల్యాబు పెద్ద, తల పట్టుకున్నాడట. బావ కూడా పట్టుకునేవాడే, పీక్కోవడానికి జుట్టు లేదు. ఏ కాగితం పట్టీ చూసినా కెరాటినే. కన్నీళ్ళలో వెతకాల్సినవి అడుగున ఎక్కడో వినీ వినపడకుండా ఉన్నాయి.

ఇక అందరి చూపులూ బావ మీదికి తిరిగాయి. చదువుకున్నవాళ్ళు కదా, నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. ఊరికే ఒకరు, మీ ఆవిడది పార్లరు కదండీ, అని అడిగారట. ఇంకొకరు, ఏమేం ట్రీట్‌మెంట్లు చేస్తారండీ, అని. పెద్దసారు మాత్రం తలుపు వేసి చెప్పాడు. కెరాటిన్ ఎక్కడిదో తేలి ఆగేదాకా మిగిలిన సగం ముట్టుకోవద్దు, ఇంటి కింద సంగతి చూసుకోండి, చూసుకోలేకపోతే మెషీన్ వదిలేసి సామాన్ల గదికి వెళ్ళండి. సీసాలూ గొట్టాలూ అందించే పని. మా బావని సామాన్ల గదికి పంపడమంటే చేపని గట్టు మీద పెట్టి, నీకేం తక్కువ చేశాం అనడమే.

ఆ సాయంత్రం ఇనుప మెట్లెక్కి వచ్చి, రెయిన్‌కోటు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

“షాపు తీసేద్దామే.”

అక్క వెనక్కి తిరగలేదు. “ఎందుకండీ?”

“జుట్టు.”

“ఎవరి జుట్టు?”

“అందరి జుట్టూ.”

“నేను షాపు మూస్తే ఊళ్ళో వాళ్ళకి జుట్టు మొలవడం ఆగుతుందా?”

“మనింటి కింద మొలవదు.”

అక్క పొయ్యి ఆపింది. చెయ్యి తుడుచుకుంది. ఆ షాపు ఎలా వచ్చిందో నాకు తెలుసు, బావకీ తెలుసు. వాళ్ళ పెళ్ళికి ముందు అక్క వాళ్ళింటికీ వీళ్ళింటికీ సంచి పట్టుకుని తిరిగి కత్తిరించేది. కుర్చీ కొనుక్కుంది, తర్వాత అద్దం, తర్వాత నన్ను తెచ్చుకుని పని నేర్పింది. ఇది పోతే ఆమెకి చేతిలో కత్తెర ఉంటుంది, నిలబడ్డానికి చోటుండదు.

“పరాయివాళ్ళ కన్నీళ్ళు ఫ్రీజర్లో దాస్తారు మీరు,” అంది నెమ్మదిగా. “ఇంట్లో కారేవాటికి ఓ కాగితం ముక్కయినా తెచ్చారా ఎప్పుడైనా?”

బావ రెయిన్‌కోటు గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. చివరికి అక్కే చెప్పింది, ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తానని. ఎందుకొప్పుకున్నావని తర్వాత నేను దెబ్బలాడితే, సామాన్ల గదిలో ఆ మనిషిని ఊహించుకోలేకపోయానురా, అంది. తన షాపు లేకుండా తనని మాత్రం ఊహించుకోగలిగింది కాబోలు.

బావ ఏ పనైనా నాన్చుతాడు గానీ దీన్ని నాన్చలేదు. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని, గ్లౌజులు తొడుక్కుని, బోర్డు దించేశాడు. ఇంకా షాపులో కస్టమర్లున్నారు, నా చేతి కింద ఒక తల సగం కత్తిరించి ఉంది. పోయేది ఎలాగూ పోతుంది, ఆ బోర్డునే అద్దెకివ్వబడును అని తిరగరాయిస్తే కలిసొస్తుందని ఆయన లెక్క. పెయింటరుకి ఇచ్చి, ముందు ఆ కెరాటిన్ అన్న మాట చెరపమని చెప్పొచ్చాడట. గుమ్మం పైన రెండు మేకులు మిగిలాయి.

అక్క పాత కస్టమర్లకి చెప్పడం మొదలుపెట్టింది. ఒకావిడ ఏడ్చింది. ఆ కన్నీళ్ళు కూడా ఎవరూ పట్టలేదు.

దువ్వెనలు డబ్బాల్లో సర్దుతున్న రోజున చిన్నమేడమ్ షాపుకి వచ్చింది. నేను అంతకుముందు ఆవిణ్ణి చూడలేదు. జుట్టంతా టోపీలోకి దోపుకుని వచ్చి, నిలబడే, సార్ ఉన్నారా అని అడిగింది. చెవి పెట్టి వినమన్నాను. పైన కత్తి నూరుతున్న చప్పుడు. పిలిస్తే బావ షాపు వైపు మెట్ల మీదికే వచ్చాడు, కానీ ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయాడు. చేతుల్నించి నీళ్ళు కారుతున్నాయి.

మేడమ్ విషయం చెప్పింది. దొంగల పట్టీలోకి పోయినవాటిని కంప్యూటరు ఒకే గంపలో వేసేస్తుందట. అందులో కెరాటిన్ అని ఉంటే ఎవరూ లోపలికి తొంగిచూడరు, తనూ చూడలేదు. ముందురోజు కూర్చుని ఆ గంపని దిమ్మరించి విడదీసింది. కెరాటిన్లో బోలెడు రకాలట. వెంట్రుకలది వేరు, ఒంటి చర్మానిది వేరు. వెంట్రుకల రకం దాదాపు లేనే లేదు. ఉన్నదంతా చర్మానిది. అందులోనూ ఒక రకం తెగ ఎక్కువగా ఉంది, అది అరిచేతుల్లోనూ అరికాళ్ళలోనూ తప్ప మరెక్కడా పెద్దగా ఉండదట.

బావ తల ఊపుతూ విన్నాడు, పరాయివాళ్ళ సంగతిలా. ల్యాబులో ఎవరు గ్లౌజులు లేకుండా తిరుగుతారో ఒక్కొక్కరినీ గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాడు.

“సార్,” అంది మేడమ్. “ఒకసారి మీ చేతులు చూపించండి.”

బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అక్క వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుని లైటు కిందికి తెచ్చింది. అంటే మా బావ షాపులో అడుగుపెట్టాడన్నమాట, తనకి తెలియకుండానే. అరిచేతులు సున్నం పెచ్చులు లేచిన గోడలా ఉన్నాయి. అక్క బొటనవేలితో అలా రాస్తే చాలు, పొట్టు రాలింది.

“ఈ చేతులతోనే గ్లౌజులు తొడుక్కుంటారు కదా,” అంది మేడమ్, వీలైనంత మెత్తగా. “వేళ్ళ దగ్గర పట్టుకుని లాగుతారు. పొట్టు గ్లౌజుల పైన అంటుకుంటుంది. వాటితోనే కన్నీళ్ళ పట్టీలు పట్టుకుంటారు.”

“అంటే... నేనా?”

“నావీ కొంత ఉంటాయి సార్. అందరివీ ఉంటాయి.”

నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. గుండు గీయించుకుని, స్వెటరు మానుకుని, పెళ్ళాం షాపు బోర్డు దింపి, వీధిలో ఉన్న తలలన్నిటినీ అనుమానించిన మనిషి, తన అరిచేతులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. శుభ్రం చేసేకొద్దీ రాలింది ఆయనే.

ఇక్కడ మా బావ గురించి ఒక మంచిమాట చెప్పాలి, మళ్ళీ అవకాశం వస్తుందో రాదో. మేడమ్ మాట మేడమ్ దగ్గరే ఆగిపోయేది. షాపు ఎలాగూ మూతపడుతోంది, ఆ తర్వాత చేతులకి క్రీము రాసుకుంటే కెరాటిన్ తగ్గేది, తప్పు షాపు నెత్తినే ఉండిపోయేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆయన మర్నాడే వెళ్ళి, కన్నీళ్ళేవీ లేకుండా తన గ్లౌజులు జాడించిన ఉత్త నీళ్ళు ఒకటి, మేడమ్ గ్లౌజులు జాడించినవి ఒకటి, తనే మెషీన్లో పెట్టించాడు. తెర మీద తన నీళ్ళ కెరాటిన్ గీత పర్వతంలా లేచింది. ఆ బొమ్మ పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళి, ఇది మా ఆవిడ షాపుది కాదు సార్, నాది, అని చెప్పాడట. పెద్దసారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడట. సామాన్ల గది మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు ఇంటికి ముందు గుమ్మంలోంచి వచ్చాడు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. కత్తిరించడానికి ఆయన తల మీద ఏమీ లేదు కాబట్టి నేను పక్కకి తప్పుకున్నాను.

“షాపు ఉంచేసుకోవే,” అన్నాడు అద్దంలో అక్కతో.

“ఉంచేసుకోమంటున్నారా, ఇచ్చేస్తున్నారా?”

“నాది కాదుగా ఇవ్వడానికి.”

అక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని క్రీము రాసింది. సీసాల వాసన, జుట్టు వాసన, వేడి పలకల వాసన, అన్నిటి మధ్యా మా బావ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు.

చేతులు మానేదాకా ఆయన్ని కన్నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. మిగిలిన సగం పట్టీలు మేడమే చేసింది, ఈయన చేతులు జేబుల్లో పెట్టుకుని దూరం నుంచి ఊపిరి బిగబట్టాడు. ఈసారి కెరాటిన్ ఉండాల్సినంతే ఉంది. చూపు ఎక్కువ తగ్గినవాళ్ళ కన్నీళ్ళలో కొన్ని ప్రోటీన్లు పెరిగి కనపడ్డాయట. ఇంకా చాలామంది కళ్ళల్లో చూస్తేగానీ నమ్మకూడదని మేడమ్ చెప్పింది. అది చెప్పడానికి షాపుకే వచ్చింది, టోపీ తీసి అక్క కుర్చీలో కూర్చుంది కూడా. ట్రీట్‌మెంట్ చేయించుకోమంటే మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టింది.

దువ్వెనలు మళ్ళీ డబ్బాల్లోంచి బయటికొచ్చాయి. ఏడ్చి వెళ్ళిన కస్టమరు సిగ్గుపడుతూ తిరిగొచ్చింది. మిగిలింది బోర్డొక్కటే. దింపినవాళ్ళే ఎక్కించాలని అక్క తీర్పు. అందులోనూ ఆ కెరాటిన్ అన్న మాట మునుపటికన్నా పెద్దగా, దగ్గరుండి మరీ రాయించి తీసుకురావాలి. బావ బుద్ధిగా ఒప్పుకున్నాడు. ఇవాళ పొద్దున, రెయిన్‌కోటు లేకుండా, చేతులకి క్రీము రాసుకుని బయల్దేరాడు. మధ్యాహ్నానికి మేకులకి తగిలించేస్తానన్నాడు.

మధ్యాహ్నం పెయింటరు ఫోన్ చేశాడు. సారు వచ్చి కూర్చున్న మాట నిజమేనట. మొదటి అక్షరం పడుతుండగా ల్యాబునుంచి ఏదో కబురొచ్చిందట, ఒక్క నిమిషం అని లేచారట. మిగతా అక్షరాలు ఏ రంగులో వేయాలో చెప్పలేదు, మీరేమైనా చెబుతారా అని అడిగాడు. అక్క ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గుమ్మం పైన మేకులకేసి చూసింది.

“ఆయన్నే రానివ్వండి,” అంది.